అవ్వ పేరున పాతిన ఆర్గాను

సూర్యాపేటలో మా ముసలివాళ్ల ఆశ్రమం వెనక, సమాధుల తోటలో కానుగ చెట్టు పక్కన ఉన్న శిలువ మీద తారీఖు తప్పు. రాసింది నేనే. తెల్ల రంగు మీద నల్లటి అక్షరాలు, ఎక్కడా వంకర లేదు. పిల్లలకు చూచిరాత నేర్పిన చెయ్యి కదా, అబద్ధం రాసినా గుండ్రంగానే రాసింది. దాన్ని దిద్దమని తర్వాత వచ్చిన పాస్టరు అయ్యగార్లు ఇద్దరు ముగ్గురు చెప్పి చూశారు. నేను దిద్దనివ్వలేదు. ఎందుకని అడిగితే ఒంటికాలి మీద లేచి వాళ్ల నోళ్లు మూయించాను. అసలు సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. చెప్తే నన్ను మంచిదాన్ని అనుకునేవాళ్లు ఇంకాస్త తగ్గుతారు. ఈ వయసులో తగ్గినా ఫరవాలేదు.

ఆశ్రమం అనడం పెద్దమాట. నేను చెప్పే రోజుల్లో, అంటే రజాకార్ల రోజుల్లో, ఊరంతా దాన్ని ముసలోళ్ల ఇల్లు అనేవారు. పొడుగాటి పెంకుటిల్లు, ముందు వసారా, వసారా పొడుగునా పదకొండు నులక మంచాలు. ఒక పక్క వంటకొట్టం, ఇంకో పక్క చిన్న ప్రార్థన మందిరం. దేశం కాని దేశం నుంచి వచ్చిన ఒక మిషను దొరసాని కట్టించింది. ఎవరూ లేని ముసలివాళ్లు రోడ్డు పక్కన చచ్చిపోవడం చూడలేక కట్టించానని చెప్పేది. ఆమె మనసు మంచిదే. కానీ వసారా పడమటికి పెట్టి కట్టింది, సాయంత్రమయ్యేసరికి ముసలివాళ్లంతా ఎండకు మాడిపోయేవారు. ఆ సంగతి ఆమెతో అనే ధైర్యం ఎవరికీ లేదు.

మందిరంలో ఉన్న ఆర్గానును తెప్పించింది కూడా ఆమే. ఓడ మీద వచ్చి, రైల్లో బెజవాడ దాకా వచ్చి, అక్కణ్ణుంచి రెండెడ్ల బండి మీద కోదాడ మీదుగా సూర్యాపేట చేరింది. పాలేరు వాగు దాటేటప్పుడు బండి చక్రం ఇసుకలో దిగబడితే, సామాను తడవకుండా కూలివాళ్లు మెడలోతు నీళ్లలో నిలబడి నెత్తిన మోశారట. నిలబెట్టిన బియ్యం బస్తా అంత ఎత్తు, మంచమంత వెడల్పు, ముందు వైపు తెల్లవీ నల్లవీ మెట్లు, వాటి పైన వరసగా పది గుండీలు. ఏ గుండీ లాగితే ఆ గొంతు. కింద రెండు తొక్కుడు చెక్కలుండేవి. అవి తొక్కితే లోపలున్న తోలు తిత్తిలోకి గాలి పోతుంది. కొన్నేళ్లకు ఒక చెక్క తాడు తెగింది. అప్పటినుంచి పక్కనున్న పిడిని ఒకరు పైకీ కిందికీ కొడుతుంటే ఇంకొకరు వాయించాలి. ఒక్క పాటకు ఇద్దరు మనుషులు కావాలి.

వాయించేది నేను. మిర్యాలగూడలో పుట్టి, మిషను బడిలో చదువుకొని, సూర్యాపేట మిషను బడిలో పంతులమ్మనయ్యాను. నా వేళ్లు పొడుగని దొరసాని నాకే నేర్పింది. యుద్ధం అయిపోయాక ఆమె స్వదేశం వెళ్లిపోతూ నన్ను ఆర్గాను ముందు నిలబెట్టి, "మందిరం కూలితే మళ్లీ కట్టుకోవచ్చు. ఇది పోతే మళ్లీ రాదు. నీకు అప్పజెపుతున్నాను" అంది. ముసలివాళ్లను ఎవరికి అప్పజెప్పిందో నాకు గుర్తులేదు. నాకు మాత్రం పెట్టెను అప్పజెప్పింది. ఆ మాటను నేను దేవుని వాక్యంలా పట్టుకున్నాను. ఊళ్లల్లో గొడవలు ముదిరి బడి మూతపడ్డాక ముసలోళ్ల ఇంటి పని కూడా నా నెత్తినే పడింది. అప్పటికి నాకు ముప్పై దాటాయి. నా పెళ్లి మాట ఎత్తడం మా వాళ్లు మానేశారు.

అవ్వ మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. గరిడేపల్లి దగ్గర పల్లె. గొర్లు కాసుకునే కుటుంబం. ఉన్నది ఒక్క కొడుకు. వాడు మంద తోలుకొని మేతకు కృష్ణ ఒడ్డుకు పోయాడు. ఏటా పోయేదే, ఏటా వచ్చేదే. ఆ ఏడు దారులు మూసుకుపోయి రాలేదు. ఈలోగా పల్లె సగం తగలబడింది. మిగిలిన సగం తలో దిక్కూ పోయింది. అవ్వ ఒక మూట నెత్తిన పెట్టుకొని సూర్యాపేట దాకా నడిచి వచ్చి మా వసారా మెట్ల మీద కూర్చుంది.

"మీ దేవుణ్ణి నేను మొక్కనమ్మా. ముందుగాలనే జెప్తున్న" అంది. "మావోడు వచ్చేదాక జర తల దాసుకుంట. కృష్ణ ఒడ్డుకు పొయ్యేటోళ్లతోని కబురంపిన. సూర్యాపేటల కిరస్తానపోళ్ల ముసలోళ్ల ఇంట్ల ఉంటనని జెప్పమన్న. వస్తడు."

మంచం ఇచ్చాం. ఆమె మాత్రం ఆ మూట విప్పలేదు. కట్టుకోవడానికి మేమిచ్చిన చీరే కట్టింది, మేమిచ్చిన పళ్లెంలోనే తింది. మూట తల కింద దిండయింది. విప్పితే ఉండిపోయినట్టు అయితదని ఆమె లెక్క. నన్ను మొదటి రోజునుంచే "బిడ్డా" అని పిలిచింది. నన్ను అలా పిలిచేవాళ్లు అప్పటికి ఎవరూ మిగల్లేదు. ఆ పిలుపు కోసం నేను వంటకొట్టంలోంచి పనులు మానుకొని వచ్చేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆమె వచ్చిన నెలకే ఆర్గాను తిత్తి చిరిగింది. మెట్టు నొక్కితే ముసలాయన దగ్గులాగా బుస్సుమనేది. నేను తల పట్టుకొని కూర్చుంటే అవ్వ వచ్చి వెనక చెక్క ఊడదీయమంది. చూసి, "తోలేగదా. గొర్రెపిల్ల తోలైతె మెత్తగుంటది, గాలి పోదు" అంది. కటికవాళ్ల దగ్గర్నుంచి తోలు తెప్పించి, ఉప్పూ తంగేడు చెక్కా వేసి నానబెట్టి, గీకి, పలచగా చేసి, సన్నటి నరంతో కుట్టింది. నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు ఆర్గాను కొత్తదాని కంటే బాగా పలికింది. ఆ రోజునుంచి పిడి కొట్టే పని ఆమెదే. ఇంకెవరు పట్టుకున్నా కుట్టు తెంపుతారని కసురుకునేది. ప్రార్థనలో కళ్లు మూసేది కాదు, పాటలో గొంతు కలిపేది కాదు.

"గాలి కొట్టుడు నా పని. దాన్ని దేవుని దిక్కు పంపుడు మీ పని" అనేది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో తుపాకులవాళ్లు వచ్చారు. ఏ పక్షంవాళ్లని అడిగే రోజులు కావు. ఇల్లంతా తిరిగి, మంచాలు తిరగేసి, మందిరంలోకి వచ్చి ఆర్గాను ముందు ఆగారు. ఒకడు గుండీలు ఒక్కొక్కటే లాగి చూశాడు.

"ఇదేంది?"

"పాటల పెట్టె" అన్నాను.

"పాటల పెట్టెకు గిన్ని గుండీలెందుకు? ఇది వైర్‌లెస్. ఈడికెల్లి బెజవాడకు కబుర్లు పోతున్నయని మాకు ఎరుకే."

అవ్వ పిడి పట్టుకుంది, నేను వాయించాను. భయానికి తప్పులు దొర్లాయి. వాళ్లు నవ్వారు. కానీ పెద్దవాడు నవ్వలేదు. "మాకంటె తెలిసినాయన్ను తోలుకొస్తం. అదే అని తేలితె పెట్టెతోని ఇల్లు గూడ కాలబెడ్తం" అని వెళ్లిపోయాడు.

అయ్యగారు మెతక మనిషి. మా సంఘానికి ఆయనే కాపరి. "పెట్టెను వాళ్లకే ఇచ్చేద్దామమ్మా. వీళ్ల ప్రాణాల కంటే ఎక్కువా?" అన్నారు. ఆయన అన్నదే సరైన మాట. నేను వినలేదు. దొరసాని మాట ఎత్తి, ఇంత దూరం మోసుకొచ్చిన కూలివాళ్ల మాట ఎత్తి, ఏడ్చి, అరిచి, ఆయన తల ప్రాణం తోకకు తెచ్చాను. చివరికి ఉపాయం కూడా నేనే చెప్పాను. పాతిపెడదాం. సమాధుల తోటలో, సమాధిలాగానే, తూర్పు ముఖంగా, పైన శిలువతో. గోరీ తవ్వే పాపానికి ఏ పక్షంవాడూ తెగించడు. పెట్టె ఏదని అడిగితే దొరసాని మనుషులు బెజవాడ తీసుకుపోయారని చెబుదాం.

అయితే సమాధి కొత్తగా లేవాలంటే మనిషి పోవాలి. పేరు లేని శిలువ చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగాను, ఎవరి పేరు రాయను అని. అంతవరకూ పొద్దున లేస్తే "ప్రభువా, నన్నెప్పుడు తీసుకుపోతావు" అని గొణిగే పదిమందిలో ఒక్కరూ నోరు మెదపలేదు. ఒకాయన అప్పటికప్పుడు తనకింకా అరవై దాటలేదన్నాడు. బతికుండగా శిలువ మీద పేరు చూసుకోవడం ఎవరికీ చేతకాలేదు. వాళ్లను తప్పుపట్టను. నా పేరు రాయమని నేను కూడా అనలేదు.

"నాది రాయుర్రి" అంది అవ్వ.

"మీ మతం కాదు కదమ్మా" అన్నారు అయ్యగారు, ఇబ్బందిగా.

"అందుకే అంటున్న. మీ శిలువ మీవోళ్లకు తగులుతది. నాకేం తగులుతది? నన్ను అడిగేటోడు ఒక్కడే. మావోడు." నా వైపు తిరిగింది. "వాడు వస్తె మాత్రం జెప్పాలె బిడ్డా. శిలువ జూసి పరేషానైతడు."

"నేనిక్కడే ఉంటాను గదవ్వా. చెప్పకుండా ఉంటానా?" అన్నాను.

పట్టపగలే చేశాం. ఊరు చూడాలి కదా. వడ్రంగి చేత పెట్టె చేయించి, ఆర్గానుకు ఆముదం రాసి, తాటాకు చాపలు నాలుగు వరసలు చుట్టి, తెల్లదుప్పటి కప్పి ఎనిమిది మంది మోశారు. దారిన పోయే ఒకాయన ఆగి, "ముసలమ్మ గింత బరువుంటదా?" అన్నాడు. మోసేవాళ్లలో ఒకడు నవ్వాగక తలపాగా నోటికి అడ్డం పెట్టుకున్నాడు, ఏడుస్తున్నాడని ఊరనుకుంది. కట్టె పెట్టె మీద సమాధి ప్రార్థన చదవనని అయ్యగారు ముందే చెప్పారు. చేతులు కట్టుకొని మౌనంగా నిలబడ్డారు. మన్ను వేశాక నేను శిలువ నాటాను. అవ్వ పేరు, ఆ రోజు తారీఖు.

ఇంటికి వచ్చి చూస్తే అవ్వ వంటకొట్టం కిటికీ దగ్గర కూర్చొని ఉంది. అంతా చూసింది.

"మంచిగనే జేసిర్రు. డప్పు ఒక్కటి లేదు" అంది. అందరం నవ్వాం. అంతమంది కలిసి నవ్వడం ఆ ఇంట్లో మళ్లీ నేను వినలేదు.

వారం తిరిగేసరికి కాల్పులు ఊరి చివరికే వచ్చాయి. ముసలివాళ్లను తీసుకొని కోదాడ వెళ్లిపొమ్మని మిషను నుంచి కబురు వచ్చింది. అక్కడ మా సంఘానికి బడి ఒకటి ఉంది, పక్కనే నైజాం సరిహద్దు. రెండు బండ్లు దొరికాయి. ఇంటికి కాపలాగా మా కాపలాదారు ఉంటానన్నాడు. పెద్ద వయసులో బాప్తిస్మం తీసుకున్న మనిషి. అక్షరాలు కూడబలుక్కొని బైబిలు చదివేవాడు, చదివింది చదివినట్టే నమ్మేవాడు. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని నిజంగా అనుకునేవాడు. నా భయమంతా అదే. తుపాకి చూడగానే నిజం చెప్పేస్తాడని. అయ్యగారు ముందు బండిలో వెళ్లిపోయాక అతణ్ణి మందిరంలోకి తీసుకెళ్లి బైబిలు మీద చెయ్యి పెట్టించాను.

"పెద్దయ్యా, ఆ సమాధి ఎవరిదని ఎవరడిగినా అవ్వదే అని చెప్పాలె. జ్వరమొచ్చి పోయిందని చెప్పాలె. చుట్టమని వచ్చినా, పక్కమని వచ్చినా, ఏడ్చినా, కాళ్లు పట్టుకున్నా అదే మాట."

"అబద్ధం గదా పంతులమ్మా."

"దేవుని సామాను కోసం."

అతను చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. అయినా ఒట్టేశాడు. బయట బండివాడు అరుస్తున్నాడు. పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాను.

పెద్దరోడ్డు మంచిది కాదని గరిడేపల్లి మీదుగా చుట్టుదారిన పోతున్నాం. వాళ్ల పల్లె దిక్కు వచ్చేసరికి అవ్వ బండి పక్క కర్ర పట్టుకొని లేచి చూసింది. చూడ్డానికి ఏమీ లేదు, మొండిగోడలు. మళ్లీ కూర్చుని నన్నడిగింది.

"మావోడి ముచ్చట కాపలాయనకు జెప్పినవా బిడ్డా?"

చెప్పలేదు. మరిచిపోయాను. చెప్పకపోవడమే కాదు, ఏడ్చినా చెప్పొద్దని ఒట్టు వేయించి వచ్చాను. బండి వెనక్కి తిప్పే దారి లేదు. బండిలో ఐదుగురు ముసలివాళ్లు, ఇద్దరికి జ్వరం.

"చెప్పినవ్వా" అన్నాను.

"గంతే చాలు" అని మూట మీద తల పెట్టి పడుకుంది.

కోదాడ వెళ్లగానే ఎవరితోనైనా కబురంపుదామనుకున్నాను. సూర్యాపేట దిక్కు పోయేవాడు ఒక్కడు దొరకలేదు. వచ్చేవాళ్లే అంతా, మూటలతో, పిల్లలతో, సరిహద్దు దాటడానికి. ఒక కార్డు రాశాను. "అవ్వ కొడుకు వస్తే ఆమె బతికే ఉంది, కోదాడలో ఉందని చెప్పు." రాసి, చదువుకొని, చించేశాను. దారిలో ఎవడైనా చదివితే బతికున్న మనిషికి సమాధి ఎందుకని తవ్వరా? నాలుగు రోజులకు మళ్లీ రాశాను, మళ్లీ చించాను. రెండుసార్లూ నేను ఆర్గానునే కాపాడాను. ఇన్నేళ్లుగా దీనికి ఇంకో పేరు వెతుకుతున్నాను, దొరకలేదు.

అవ్వ రోజూ బడి అరుగు మీద కూర్చొని, సూర్యాపేట నుంచి వచ్చే ప్రతి బండిలోకీ తొంగి చూసేది. అలా వానలు పడ్డాయి, నాట్లు పడ్డాయి. ముసలివాళ్లలో ముగ్గురు కోదాడలోనే పోయారు. భాద్రపదంలో బెజవాడ వైపు నుంచి సైన్యం లారీలు మా బడి ముందు నుంచే పోయాయి. జనం పూలు చల్లారు. నేను కూడా చల్లాను. ఇంక ఇంటికి పోవచ్చని అవ్వ తన మూట ముడి బిగించుకుంది.

మేము తిరిగొచ్చేసరికి ముసలోళ్ల ఇల్లు నిలబడే ఉంది. పెంకులు కొన్ని పోయాయి, మంచాలు మొత్తం పోయాయి. కాపలాదారు చిక్కి సగమయ్యాడు కానీ ముఖం వెలిగిపోతూ ఎదురొచ్చాడు.

"ఒట్టు తప్పలే పంతులమ్మా! ఛాతి మీద తుపాకి పెట్టి అడిగిర్రు. అవ్వదే అన్న. పోయిర్రు. ఇంకొకడైతె చుట్టమోలె వేషమేసుకొని వచ్చిండు. నేను ఆడగూడ తప్పలే."

"ఎవరు?" అన్నాను.

"నాట్ల కాలంల. గొర్లోడు. మా అవ్వ ఏదన్నడు. నువ్వు జెప్పమన్నట్టే జెప్పిన. శిలువ సూపెట్టిన, తారీఖు సదివి సూపెట్టిన. మా అవ్వకు శిలువెందుకు పెట్టిర్రన్నడు. మా కాడ గంతే అన్న. శానసేపు కూసున్నడు. ఊర్లెకెల్లి మంగలిని తోలుకొచ్చి గుండు జేయించుకున్నడు. ఇంత బువ్వొండి ఆకుల పెట్టి, కాకి ముట్టేదాక ఉన్నడు. ఆనాటి తారీఖు మళ్లొకపారి జెప్పించుకొని పోయిండు." అంతదాకా చెప్పి అతను ఆగాడు. వేషగాడు గుండు చేయించుకోడని అప్పుడే తట్టినట్టుంది. లోపలికి పోయి మడతపెట్టిన నల్ల గొంగడి తెచ్చాడు. "వానల తడుస్తదని గోరీ మీద కప్పి పోయిండు. నేను తీసి దాసిన."

అవ్వ గొంగడి అందుకుంది. అంచు వెతికి, ఒక మూల ఎర్ర ఉన్నితో వేసిన మాసిక మీద బొటనవేలు ఆనించింది. ఆ ఉన్ని వడికింది ఆమే, ఆ మాసిక వేసింది ఆమే. మొదట ఆమె ముఖంలో సంతోషమే కనపడింది.

"వచ్చిండు! నేను జెప్పలే, వస్తడని? ఏడికి పోయిండు?"

ఎరుక లేదన్నాడు కాపలాదారు.

"పంతులమ్మ నీకు జెప్పిపోయింది గదా, మావోడొస్తె ఇట్ల అని?"

"ఏం జెప్పింది?" అన్నాడు అతను, నా దిక్కు చూస్తూ.

అవ్వ కూడా నా దిక్కు చూసింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని ఆశపడ్డాను. ఆమె గొంగడి భుజాన వేసుకొని వసారాలోకి పోయి, మంచం లేని చోట నేల మీద కూర్చుంది. కాపలాదారు మాత్రం చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అబద్ధం చెప్పించావు పంతులమ్మా, నా నోటితోనే చెప్పించావు అని. ఆ తర్వాత అతను బైబిలు చదవగా నేను చూడలేదు.

మూడో రోజు సమాధి తవ్వాం. ఎవరికీ మనసు లేదు, కానీ దాని కోసమే కదా ఇంతా చేసింది. వానాకాలమంతా నీళ్లు దిగి పెట్టె ఉబ్బి పగిలింది. చాపలు చెదపురుగుల పుట్టయ్యాయి. గడ్డపారతో ఎత్తితే ఆర్గాను ముక్కలు ముక్కలుగా వచ్చింది. మెట్ల మీది తెల్లబిళ్లలు మట్టిలో ఏరుకోవలసి వచ్చింది. తిత్తి మొత్తం చెద తినేసింది, అవ్వ కుట్టిన కుట్టు కూడా మిగల్లేదు. మిగిలిన సామాను మిర్యాలగూడకు బండి మీద తీసుకుపోయి, హార్మోనియాలు బాగుచేసే వడ్రంగికి చూపించాను. అతను ఒక చెక్కను వేళ్లతో నలిపితే పిండిలా రాలింది. "పొయ్యిల పెట్టుకో అమ్మా, అదన్న మండుతదో లేదో" అన్నాడు.

మిర్యాలగూడ వెళ్లింది దానికోసం మాత్రమే కాదు. అక్కడి సంతకు కృష్ణ ఒడ్డు గొర్లవాళ్లు వస్తారు. మూడు సంతలు తిరిగాను. కనపడ్డ ప్రతి గొంగడినీ ఆపి అడిగాను. నిడమనూరులో గొర్ల మంద దిగిందంటే అక్కడికీ నడిచాను. ఆ మందలో ఒక పెద్దమనిషి అవ్వ కొడుకును ఎరుగుదునన్నాడు.

"రేవు కాడ కలిసిండు. గుండుతోనే ఉన్నడు. మా అవ్వ సూర్యాపేటల పోయింది, ఇగ ఈ ఒడ్డున నాకేమున్నదన్నడు. మంద తోలుకొని ఆ ఒడ్డుకు దాటిండు. పల్నాడు దిక్కో, నల్లమల దిక్కో."

"మళ్లీ రాడా?"

"ఎవలి కోసం వస్తడమ్మా?"

అవ్వ బతికే ఉందని కనపడ్డ ప్రతివాడికీ చెప్పమని అతనితో చెప్పాను. దండం పెట్టి చెప్పాను. అతను తలూపాడు. ఆ నది ఒడ్డు ఎంత పొడుగో, ఆ అడవి ఎంత పెద్దదో మా ఇద్దరికీ తెలుసు.

తిరిగొచ్చి అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. గరిడేపల్లి దగ్గర బండిలో చెప్పింది అబద్ధమనీ చెప్పాను, కార్డులు రెండు చించిన సంగతీ చెప్పాను. అంతా విని, "సరే పంతులమ్మా" అంది. బిడ్డా అని మళ్లీ ఎప్పుడూ అనలేదు. పిలవడం మానలేదు, కసురుకోనూ లేదు. మంచినీళ్లు కావాలన్నా, నడుం నొస్తుందన్నా మర్యాదగా పంతులమ్మా అనే పిలిచేది. ఆ మర్యాదను నేను ఏడాదికి పైగా భరించాను.

ఆర్గాను లేని మందిరంలో ఆదివారం పాటలు ఎవరి శృతి వాళ్లదే అయ్యాయి. అవ్వ మాత్రం వచ్చి పిడి ఉండే మూలన, గొంగడి కప్పుకొని కూర్చునేది. పాటలయ్యాక లేచి పోయేది.

మరుసటి ఏడు చలికాలం మొదట్లో ఆమెకు జ్వరం పట్టింది. దవాఖానకు పోదామంటే వద్దంది. ఒక సాయంత్రం గంజి తాగిస్తుంటే గ్లాసు పక్కకు జరిపి అడిగింది.

"నన్ను గాడనే పెడ్తరు గదా? నా జాగల?"

"నీ ఇష్టం అవ్వా. వేరే చోట కావాలంటే..."

"గాడనే. మావోడు బువ్వ పెట్టిన జాగ." కాసేపు ఊపిరి తీసుకుంది. "తారీఖు మారుస్తరా?"

మారుస్తానన్నాను. తప్పు నాది, దిద్దడం కూడా నేనే చేస్తానన్నాను. అది చెప్పేటప్పుడు నాకు కొంచెం తేలికగా అనిపించింది కూడా. నా చేతిలో సరిచేయగలిగింది ఆ ఒక్కటే మిగిలింది మరి.

"ముట్టకు పంతులమ్మా" అంది. "వాడు ఆ దినం మనసుల పెట్టుకొని పోయిండు. యాడున్నా ఏడాదికి ఆ దినమే నాకింత బువ్వ పెడ్తడు. నువ్వు గీడ మారిస్తె, ఆ బువ్వ ఎవలికి పోవాలె?"

నాలుగో రోజు పోయింది. అదే గోతిలో, గొంగడి చుట్టి, మూట విప్పకుండానే పక్కన పెట్టి మన్ను వేశాం. అయ్యగారు ఈసారి ప్రార్థన చదివారు. కాపలాదారు ఊళ్లోకి వెళ్లి డప్పు కొట్టేవాణ్ణి పిలుచుకొచ్చాడు. అతను కొట్టాడు.

శిలువ కొత్తది చేయించాల్సిన పని పడలేదు. పేరు ఉండనే ఉంది. రంగు వెలిసినప్పుడల్లా నేనే వెళ్లి పాత అక్షరాల మీద మళ్లీ దిద్దుతాను, ఒక్క గీత మార్చకుండా. ఆమె పోయిన రోజు ఎక్కడా రాసి లేదు. ఆమెకు లోకంలో ఉన్న ఒకే ఒక్క మనిషి లెక్కలో ఆమె నేను రాసిన తారీఖునే పోయింది.